ఒకే క్లోరిన్, రెండు రకాల స్టార్చ్: ఒక కర్రపెండలం మిల్లు కేసు

ఆక్సిడైజ్డ్ స్టార్చ్ (హైపోతో చర్య జరిపి పలచబరిచిన స్టార్చ్) తయారుచేసే ఏ మిల్లుకు వెళ్లినా లాగ్ బుక్కులో హైపో, అంటే క్లోరిన్ ఇచ్చే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, ఎన్ని లీటర్లు పోశారో రాసి ఉంటుంది. ఆ హైపో ఏ పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) దగ్గర ఖర్చయిందో రాసిన బుక్కు మాత్రం అరుదు. ఈ కేసు రాయడానికి కారణం అదే. గోదావరి జిల్లాల మెట్టలోని ఒక మధ్యరకం మిల్లుకు ప్రాసెస్ సలహాదారుగా వెళ్లినప్పుడు చూసిన సంగతులివి. మిల్లు పేరు, ఊరు, సరుకు కొన్న పార్టీ వివరాలు తీసేశాను. ఎవరో గుర్తుపట్టకుండా పరిమాణాలను గుండ్రం చేశాను. రసాయన చర్యను మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేపథ్యం

సామర్లకోట, పెద్దాపురం చుట్టుపక్కల కర్రపెండలం మిల్లులు ఎప్పటినుంచో ఉన్నాయి. దుంప కడిగి, తొక్క తీసి, తురిమి, పాలు పిండి, పిప్పి వేరు చేస్తారు. పాలు తేరాక అడుగున పేరుకున్న పిండితో సగ్గుబియ్యం చేస్తారు, లేదంటే ఆరబెట్టి స్టార్చ్‌గా అమ్ముతారు. ఈ మిల్లుదీ అదే పని. సగ్గుబియ్యం ధర పడిపోయినప్పుడల్లా యజమానికి నిద్ర పట్టేది కాదు. ఏడాది పొడవునా కొనే పార్టీ కోసం వెతుకుతుంటే, ఒక పేపర్ మిల్లు వాళ్లు ఆక్సిడైజ్డ్ స్టార్చ్ చేసిస్తే తీసుకుంటామన్నారు.

పేపర్ మిల్లుకు దీనితో పని సైజ్ ప్రెస్ దగ్గర ఉంటుంది. కాగితం రెండు రోలర్ల మధ్య నుంచి పోతున్నప్పుడు రెండు ముఖాలకూ స్టార్చ్ ద్రావణం పట్టిస్తారు. రాసేటప్పుడు ఇంకు పాకకుండా, ప్రింటింగులో పైన నూగు లేవకుండా కాపాడేది ఆ పొరే. మామూలు కర్రపెండలం స్టార్చ్‌ను పది శాతం గాఢతలో ఉడికిస్తే జిగటగా సాగే ముద్ద తయారవుతుంది. పంపు లాగదు, కాగితం మీద సమంగా పరుచుకోదు. పోనీ పలచగా కలుపుదామంటే కాగితం నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, ఆరబెట్టడానికి ఆవిరి ఎక్కువ కావాలి. అందుకని పది, పన్నెండు శాతం గాఢతలో కూడా పారే స్టార్చ్ కావాలంటారు.

ఆ ఒక్క కోరికలో రెండు గుణాలు దాగున్నాయి. వేడిగా ఉన్నప్పుడు పలచగా ఉండాలి. చల్లారినా, గంటల తరబడి నిలవ ఉన్నా గడ్డకట్టకూడదు. పలచనైతే గడ్డకట్టదులే అని ఈ మిల్లు వాళ్లు అనుకున్నారు. అలా అనుకునే వాళ్లు ఈ రంగంలో చాలామంది ఉన్నారు.

కొంచెం లోపలికి వెళ్లి చూద్దాం. స్టార్చ్ అంటే గ్లూకోజ్ గొలుసులు. వాటిలో కొమ్మలు దాదాపు లేనిది అమైలోజ్, కొమ్మలున్నది అమైలోపెక్టిన్. కర్రపెండలంలో అమైలోజ్ 17 నుంచి 20 శాతం దాకా ఉంటుంది, మామూలు మొక్కజొన్నలో 25 శాతం దాటుతుంది. గంజి చల్లారితే తెట్టు కట్టి గడ్డపడుతుందే, అది అమైలోజ్ గొలుసులు ఒకదాని పక్కన ఒకటి చేరి జతకట్టడం వల్ల. సోడియం హైపోక్లోరైట్, అంటే హైపో, ఈ గొలుసుల మీద రెండు పనులు చేస్తుంది. కొన్నిచోట్ల గొలుసును తెంపుతుంది, దాంతో చిక్కదనం తగ్గుతుంది. మరికొన్నిచోట్ల గ్లూకోజ్ మీది హైడ్రాక్సిల్ గుంపులను ముందు కార్బొనైల్‌గా, ఆ తర్వాత కార్బాక్సిల్‌గా మారుస్తుంది. కార్బాక్సిల్ మీద ఋణావేశం ఉంటుంది కాబట్టి పక్క గొలుసును దగ్గరకు రానివ్వదు. చల్లారినా గడ్డకట్టకుండా చూసేది ఈ కార్బాక్సిలే. తెంపడం వల్ల పలచదనం, కార్బాక్సిల్ వల్ల నిలకడ. ఈ రెండూ ఒకే హైపో చేస్తుంది కానీ ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో చెయ్యదు.

వచ్చిన ఫిర్యాదు

పేపర్ మిల్లు నుంచి రెండు ఫిర్యాదులు కలిసి వచ్చాయి. ఒకటి, లాటుకూ లాటుకూ విస్కోసిటీ (చిక్కదనం) తేడా. రెండోది ఇంకా తీవ్రమైనది. కాగితం తెగో, మరే కారణం వల్లో మెషీన్ ఆగినప్పుడు సర్క్యులేషన్ ట్యాంకులో ఉన్న స్టార్చ్ ద్రావణం కాసేపటికే మబ్బుగా మారి చిక్కబడుతోంది. స్ట్రైనర్ విప్పితే జల్లెడ నిండా జెల్లీ. మెషీన్ మళ్లీ తిప్పితే ఆ జెల్లీ ముక్కలు రోలర్ మీద తెల్లటి మచ్చలుగా అంటుకుంటున్నాయి.

యజమాని నా చేతికి రెండు గాజు గ్లాసులిచ్చారు. ముందురోజు సాయంత్రం రెండిట్లోనూ పన్నెండు శాతం ద్రావణం ఉడికించి పోసి పెట్టారట. ఒకటి వీళ్ల సరుకు, రెండోది పేపర్ మిల్లు వాళ్లు అంతకుముందు వాడుతున్న వేరే కంపెనీ సరుకు. రెండో గ్లాసు వంచితే ద్రావణం కదిలింది, దాని వెనక పెట్టిన కాగితం మీది అక్షరాలు కనిపించాయి. వీళ్లది పూర్తిగా తలకిందులు చేసినా జారలేదు. పాలలాంటి తెలుపు, పైన పల్చగా ఊరిన నీళ్లు.

"వేడి మీద చూస్తే రెండూ ఒక్కలాగే కారాయండీ. అడుగున చిల్లున్న కప్పులో పోస్తే కారడానికి పట్టే సెకన్లు కూడా దగ్గర దగ్గరే. మరిదేంటండీ ఇలా?" అన్నారాయన. ఆ మాటలోనే అసలు ఆధారం ఉంది. వేడిగా ఉన్నప్పుడు ఒకేలా ఉండి చల్లారాక వేరైపోతున్నాయంటే, గొలుసుల పొడవు దాదాపు ఒకటే, వాటి మీద కూర్చున్న గుంపులే వేరు.

అంతకుముందు చేసి చూసినవి

నేను వెళ్లేసరికే వాళ్లు హైపో డోసు పెంచి చూశారు. చిక్కబడుతోంది కాబట్టి ఇంకొంచెం తెంపుదాం అన్న ఆలోచన. వేడి విస్కోసిటీ స్పెసిఫికేషన్ కిందికి పడిపోయింది, కాగితం పైపొర బలం తగ్గింది, కానీ గడ్డకట్టడం ఆగలేదు. పైగా ఒకటి రెండు లాటుల్లో ఇంకా తొందరగా గడ్డకట్టింది. వాళ్లకది వింతగా తోచింది గానీ అందులో వింత లేదు. బాగా పొడుగాటి అమైలోజ్ గొలుసులు చిక్కుపడి నెమ్మదిగా కదులుతాయి. మరీ పొట్టివి జతకట్టినా నిలబడవు. సుమారు 80 నుంచి 100 గ్లూకోజ్‌లున్న మధ్యరకం గొలుసులు అన్నిటికంటే వేగంగా జతకడతాయి. కార్బాక్సిల్ కాపలా పెట్టకుండా తెంపుకుంటూ పోతే గొలుసులు ఆ ప్రమాదకరమైన పొడవు వైపే వెళ్తాయి.

డోసు పెరగడంతో మరో నష్టం కూడా జరిగింది. బాగా ఆక్సిడైజ్ అయిన స్టార్చ్ కడిగేటప్పుడు కొంత నీళ్లలో కరిగిపోతుంది. దిగుబడి తగ్గి, ఆ కరిగింది కాస్తా డ్రైనేజీలోకి పోయి ట్రీట్‌మెంట్ ప్లాంటు మీద భారం పెరిగింది. పిండి రంగు కూడా లేత పసుపుకు తిరిగింది.

మొక్కజొన్న స్టార్చ్ కొని దాన్ని ఆక్సిడైజ్ చేద్దామని ఎవరో సలహా ఇచ్చారట. వద్దన్నాను. మొక్కజొన్నలో అమైలోజ్ ఎక్కువ, దానికి తోడు కొవ్వు కూడా కొంత ఉంటుంది. గడ్డకట్టే గుణం ఇంకా ఎక్కువ. కర్రపెండలంలో కొవ్వు, ప్రొటీన్ చాలా తక్కువ కాబట్టి ద్రావణం సహజంగానే తేటగా వస్తుంది. చేతిలో ఉన్న మంచి ముడిసరుకును వదులుకోవడం దండగ.

ముందు రెండు ఫిర్యాదులనూ విడదీశాం

నా మొదటి నిర్ణయం, ఈ రెండు ఫిర్యాదులకూ కారణం ఒకటేనా అన్నది తేల్చుకోవడం. ఒకటే అయితే విస్కోసిటీ సరిగ్గా వచ్చిన లాటులు గడ్డకట్టకూడదు. మిల్లులో ప్రతి లాటు నుంచీ కొంత పిండి డబ్బాల్లో దాచే అలవాటు ఉంది. ఆ అలవాటు పెట్టింది అక్కడి కెమిస్ట్ అమ్మాయి, ఆమెకు చాలా రుణపడి ఉండాలి. విస్కోసిటీ బాగున్న లాటులను ఏరి ఉడికించి రాత్రంతా ఉంచాం. అవి కూడా గడ్డకట్టాయి. అంటే సమస్యలు రెండు. రెండిట్లో లాటుల తేడాయే తేలిక కాబట్టి ముందు దాన్ని పట్టుకున్నాం. అది సర్దుకోకపోతే గడ్డకట్టే సంగతి మీద ఏ ట్రయల్ చేసినా ఫలితం నమ్మలేం.

తేడాకు పెద్ద కారణం హైపో ట్యాంకు దగ్గరే దొరికింది. నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, పైన రేకు, మధ్యాహ్నం ఎండ నేరుగా దాని మీదే. డోసు లీటర్లలో కొలిచి పోస్తున్నారు. రెండు టన్నుల పొడి స్టార్చ్‌కు ఒకటిన్నర శాతం క్లోరిన్ ఇవ్వాలనుకుందాం, అంటే 30 కిలోలు. హైపో 12 శాతం ఉంటే 250 లీటర్లు సరిపోతుంది. అదే హైపో ఎండకు 9 శాతానికి దిగిందనుకోండి, అవే 250 లీటర్లలో 22.5 కిలోల క్లోరినే ఉంటుంది. నాలుగో వంతు మాయం. ట్యాంకర్ దిగిన రోజు లాటుకూ, వారం తర్వాతి లాటుకూ తేడా రాకుండా ఎలా ఉంటుంది?

హైపో ఎంత గాఢంగా ఉంటే అంత వేగంగా చెడుతుంది. సగానికి పలచన చేస్తే చెడే వేగం నాలుగో వంతు కంటే కూడా తగ్గుతుంది. అందుకని ట్యాంకర్ దిగగానే మెత్తటి నీళ్లతో పలచన చేసి నీడలోకి మార్చమన్నాను. ఇనుము, రాగి తగిలినా హైపో విరిగిపోతుంది కాబట్టి తుప్పు పట్టిన వాల్వు ఒకటి తీయించాం. ప్రతి షిఫ్టులోనూ హైపోలో క్లోరిన్ ఎంతుందో థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేసి కొలిచి, డోసును లీటర్లలో కాకుండా క్లోరిన్ కిలోల్లో లెక్కగట్టడం మొదలైంది.

రెండో కారణం స్టార్చ్ పాలలో ఉంది. సగ్గుబియ్యం తెల్లగా రావడానికి పాలలో సల్ఫైట్ కలిపే రోజుల్లో, ఆ పాలే కొన్ని రియాక్టర్‌కు (హైపో చర్య జరిగే ట్యాంకుకు) కూడా వచ్చేవి. సల్ఫైట్ నుంచి వచ్చే ఒక కిలో సల్ఫర్ డయాక్సైడ్ సుమారు 1.1 కిలోల క్లోరిన్‌ను తినేస్తుంది. పాలలో అది పొడి స్టార్చ్ బరువు మీద పది లక్షలకు 800 వంతులు మిగిలి ఉంటే, రెండు టన్నుల బ్యాచ్‌లో దాదాపు 1.8 కిలోల క్లోరిన్ స్టార్చ్‌ను తాకకుండానే పోతుంది. సరిగ్గా కడగని పాలలోని ప్రొటీన్, చక్కెరలు కూడా ఇదే పని చేస్తాయి. రియాక్టర్‌కు పంపే పాలను ఒకసారి మంచినీళ్లతో కడిగి, మళ్లీ తేర్చి, 20 బోమే (సాంద్రత కొలత) దగ్గర, అంటే సుమారు 35 శాతం పొడి స్టార్చ్‌తో పంపాలని నిర్ణయించాం. సల్ఫైట్ కలిపిన పాలు ఈ లైనులోకి రానే కూడదు.

లాటుల తేడా బాగా తగ్గింది. గ్లాసులో గడ్డ మాత్రం అలాగే ఉంది.

పీహెచ్

లాగ్ బుక్కులో పీహెచ్ రెండుచోట్ల ఉంది, రియాక్షన్ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. మొదట్లో 9.5, చివర్లో న్యూట్రలైజ్ చేశాక 6.5. చూడటానికి ఏ లోపమూ లేదు. మధ్యలో ఏం జరుగుతోందో తెలియాలంటే రియాక్టర్ పక్కన నిలబడాల్సిందే. చేతి మీటర్ పట్టుకుని, కాసేపటికోసారి మగ్గుతో పాలు తీసి కొలిచాం. హైపో మొత్తం ఒకేసారి పోశారు. కొద్దిసేపు 9.5 దగ్గర నిలిచింది, ఆ తర్వాత జారడం మొదలైంది. 8.8, 8.1, 7.4. ఆక్సిడేషన్‌లో పుట్టే ఆమ్ల గుంపులు కాస్టిక్‌ను (క్షారాన్ని) తినేస్తాయి కాబట్టి ఇది సహజం. ఆపరేటర్ మరో పనిలో ఉండి తిరిగొచ్చి, పీహెచ్ తగ్గిందని చూసి బకెట్ కాస్టిక్ ఒక్కసారి గుమ్మరించాడు. మీటర్ 11 దాటింది. కాసేపటికి మళ్లీ జారుడు.

పీహెచ్ 7.4 దగ్గరకొచ్చినప్పుడు పాలలో చిటికెడు పొటాషియం అయొడైడ్ వేసి చూశాం. క్లోరిన్ మిగిలి ఉంటే నీలం రంగు వస్తుంది, ఆ నీలం నిమిషాల్లోనే పల్చబడింది. అంటే క్లోరిన్ చకచకా ఖర్చయిపోతోంది. ఆపరేటర్‌కు అది మంచి కబురు. "రియాక్షన్ తొందరగా అయిపోతే మంచిదే కదండీ, ఇంకో బ్యాచ్ ఎక్కించుకోవచ్చు" అన్నాడు. కొన్నేళ్లుగా అతను ఆ పద్ధతిలోనే బ్యాచ్‌లు దించుతున్నాడు.

ఈ తొందరే మా గడ్డకు మూలమని నాకు అనుమానం. కారణం ఇదీ. హైపో నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. పీహెచ్ 7.5 దగ్గర సగం హైపోక్లోరస్ ఆమ్లం, సగం హైపోక్లోరైట్ అయాన్. ఇంకా కిందికి వెళ్తే ఆమ్లం రూపం ఎక్కువ, పైకి వెళ్తే అయాన్ ఎక్కువ. ఆమ్లానికి ఆవేశం లేదు కాబట్టి స్టార్చ్ మీద సులువుగా పడుతుంది, అందుకే 7 దగ్గర రియాక్షన్ అన్నిటికంటే వేగం. 9, 10 దగ్గర హైపోక్లోరైట్‌కూ ఋణావేశమే, క్షారంలో ఉన్న స్టార్చ్‌కూ కొంత ఋణావేశమే. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, రియాక్షన్ నెమ్మదిస్తుంది. కానీ నెమ్మదిగా జరిగే ఆ చోటే ఆక్సిడేషన్ కార్బాక్సిల్ దాకా సాగుతుంది. 7 దగ్గర చాలావరకు కార్బొనైల్ దగ్గరే ఆగుతుంది.

కార్బొనైల్‌కు ఆవేశం లేదు, కాపలా కాయలేదు. అంతటితో పోలేదు. కార్బొనైల్ ఉన్నచోట గొలుసు క్షారానికి బలహీనం. బకెట్ కాస్టిక్ పడి పీహెచ్ 11 దాటిన క్షణాల్లో సరిగ్గా అక్కడే తెగుతుంది, పసుపు రంగు కూడా ఆ దారిలోనే పుడుతుంది. అంటే ఈ మిల్లు రియాక్టర్ 7 దగ్గర కార్బొనైళ్లు తయారుచేసి, 11 దగ్గర వాటిని తెంపుతోంది. విస్కోసిటీ తగ్గుతోంది, కప్పులో సెకన్లు సరిపోతున్నాయి, నిలకడనిచ్చే కార్బాక్సిల్ మాత్రం చాలినంత లేదు. పసుపు రంగు, గడ్డ, డోసు పెంచితే ఇంకా చెడటం, మూడూ ఈ ఒక్క వివరణలో ఇమిడాయి. అందుకే దీన్ని పరీక్షించడానికి సమయం పెట్టడం సబబనిపించింది.

ల్యాబ్‌లో రెండు బీకర్లు పెట్టాం. ఒకే బస్తాలోని స్టార్చ్, ఒకే హైపో, ఒకే డోసు, ఒకే ఉష్ణోగ్రత. ఒకదానిలో కెమిస్ట్ అమ్మాయి పలచటి కాస్టిక్‌ను బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా వదులుతూ పీహెచ్‌ను 9 నుంచి 9.5 మధ్య పట్టి ఉంచింది. రెండోదాన్ని మిల్లు పద్ధతిలో వదిలేశాం, జారనిచ్చి, ఒక్కసారి పోసి, మళ్లీ జారనిచ్చి. మొదటిదాంట్లో అయొడైడ్ నీలం చాలాసేపు పోలేదు. కడిగి, ఆరబెట్టి, కార్బాక్సిల్ కొలిచాం. ఇది చిన్న ల్యాబ్‌లో కూడా చెయ్యొచ్చు. పలచటి ఆమ్లంతో నానబెట్టి సోడియం వదిలించాలి, క్లోరైడ్ పూర్తిగా పోయేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, ఉడికించి, వేడి మీదే ఫినాఫ్తలీన్ వేసి టైట్రేట్ చెయ్యాలి. పట్టి ఉంచిన బీకర్‌లో కార్బాక్సిల్ స్పష్టంగా ఎక్కువ. ఉడికించి రాత్రంతా ఉంచితే పొద్దుటికి అది తేటగా పారింది, రెండోది గడ్డకట్టింది. రెండిటి నుంచీ కొంచెం తీసి కాస్టిక్ కలిపి వేడి చేస్తే రెండోది తేనె రంగుకు తిరిగింది.

అప్పటిదాకా వెనక నిలబడి చూస్తున్న ఆపరేటర్ ముందుకొచ్చి రెండు గ్లాసులూ తనే వంచి చూశాడు. "ఒకటే హైపో కదమ్మా రెండింట్లోనూ?" అని ఆ అమ్మాయిని అడిగాడు. "ఒకటే బాబాయ్. నువ్వే కదా కొలిచిచ్చావు" అంది. ఆ తర్వాత నేను ఎవరికీ ఏమీ నచ్చజెప్పాల్సిన పని పడలేదు.

ప్లాంటులో పెట్టేసరికి

ల్యాబ్‌లో బ్యూరెట్‌తో చేసింది రెండు టన్నుల ట్యాంకులో వెంటనే కుదరలేదు. మొదట వాల్వు కొద్దిగా తెరిచి కాస్టిక్ ధారగా వదలమన్నాం. సగటు పీహెచ్ బాగానే నిలిచింది కానీ ఫిల్టర్ గుడ్డ మూసుకుపోయింది. విప్పి చూస్తే గాజులా మెరిసే చిన్నచిన్న జిగురు ఉండలు. వాడింది గాఢమైన కాస్టిక్ లై. అలాంటి క్షారం తగిలితే స్టార్చ్ గింజ చల్లగా ఉన్నా ఉబ్బి ఉడికిపోతుంది. ధార పడినచోట కలిసేలోపే ఉండకట్టింది. కాస్టిక్‌ను మూడు, నాలుగు శాతానికి పలచన చేసి, ఆజిటేటర్ (పాలను కలియబెట్టే యంత్రం) రెక్క దగ్గర లోపలికి దిగే గొట్టంతో వదిలాక ఉండలు పోయాయి.

తర్వాత ఆటోమేటిక్ డోసింగ్ కోసం రియాక్టర్‌లో శాశ్వతంగా ఒక ఎలక్ట్రోడ్ అమర్చారు. కొన్నాళ్లు బాగుంది. ఆ తర్వాత ఎలక్ట్రోడ్ బల్బు మీద స్టార్చ్ పొర కట్టి, పాలలో పీహెచ్ పడిపోయినా అది పాత అంకెనే చూపిస్తూ వచ్చింది. చేతి మీటర్‌తో సరిచూసే అలవాటు మానలేదు కాబట్టి తొందరగానే దొరికింది. ప్రతి బ్యాచ్‌కూ ముందు బల్బు కడగడం, బఫర్‌తో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణంతో) సరిచూడటం ఆపరేటర్ పనిలో చేర్చాం. ఆటోమేషన్ పెట్టాక చేతి మీటర్ పక్కన పడేసే మిల్లులు నాకు తెలుసు. స్టార్చ్ పాలలో అది చెయ్యకూడదు.

అసలు వాదన సమయం మీద వచ్చింది. 9 పైన రియాక్షన్ నెమ్మది, బ్యాచ్‌కు పట్టే సమయం రెట్టింపు దాటింది. యజమాని బాధ న్యాయమైనదే. "రోజుకి ఒక బ్యాచ్ పోతే నాకు మిగిలేదేంటండీ? కాస్త వేడి చేస్తే తొందరగా అవదా?" అన్నారు. అవుతుంది. కానీ ఆక్సిడైజ్ అవుతున్న గింజ, అందులోనూ క్షారంలో ఉన్నది, మామూలు స్టార్చ్ కంటే తక్కువ వేడికే ఉబ్బుతుంది. ఉబ్బితే నీళ్లు వదలదు, ఫిల్టర్ దగ్గర బ్యాచ్ మొత్తం ఆగిపోతుంది. పైగా ఈ రియాక్షన్ తనంతట తనే వేడి పుట్టిస్తుంది. మే నెలలో మా దగ్గర చల్లబరిచే నీళ్లే గోరువెచ్చగా ఉంటాయి. అందుకని 35 నుంచి 38 డిగ్రీలు దాటనివ్వలేదు. హైపోను కూడా ఒకేసారి కాకుండా గంటల మీద సన్నగా వదిలాం. వేడి అదుపులో ఉండటానికీ, పీహెచ్ జారకుండా ఉండటానికీ రెండిటికీ అదే మందు.

సమయం సంగతి వేరే దారిలో తేలింది. సీజన్ కాని రోజుల్లో ఖాళీగా పడి ఉండే ఒక ట్యాంకుకు రబ్బరు లైనింగ్ వేయించి రెండో రియాక్టర్‌గా మార్చారు. ఒకటి నడుస్తుండగా రెండోదాన్ని నింపుతారు. కొంత ఖర్చయింది, కానీ దిగుబడి నష్టం తగ్గడం, తిరుగుసరుకు ఆగడం కలిపి చూస్తే యజమాని దానికి ఒప్పుకున్నారు.

చివరి దశలో ఇంకో మార్పు చేశాం, దీని గురించి గట్టిగా చెప్పాలి. అప్పటిదాకా రియాక్షన్ చివర ముందు ఆమ్లం పోసి పీహెచ్ 6.5కు దించి, ఆ తర్వాత మిగిలిన క్లోరిన్‌ను చంపడానికి సల్ఫైట్ రకమైన మెటాబైసల్ఫైట్ వేసేవాళ్లు. మెటా ఖర్చు తగ్గుతుందని. మిగిలిన హైపో ఉండగా పీహెచ్ దించితే ఆ మిగులు కాస్తా అతి వేగంగా స్టార్చ్ మీద పడుతుంది, మనం గంటలపాటు తప్పించుకున్న కార్బొనైళ్లే చివర్లో పుడతాయి. ఆమ్లం ఒకచోట ఎక్కువైతే క్లోరిన్ వాయువు కూడా లేస్తుంది. ఆ ట్యాంకు దగ్గర కళ్లు మండటం అక్కడి వాళ్లకు మామూలైపోయింది, అది మామూలు కాకూడదు. ముందు సల్ఫైట్, అయొడైడ్ కాగితం నీలం కావడం ఆగాకే ఆమ్లం. ఈ క్రమాన్ని రియాక్టర్ పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం.

ఫలితం

కొత్త పద్ధతిలో అదే డోసుకు వేడి విస్కోసిటీ పాతదానికంటే కాస్త ఎక్కువ వచ్చింది. 11 దగ్గర జరిగే తెంపుడు ఆగింది కాబట్టి అది రావాల్సిందే. డోసు కొంచెం పెంచి స్పెసిఫికేషన్‌లోకి తెచ్చాం. ఇంతకుముందు చెడగొట్టిన పెంపే ఇప్పుడు మేలు చేసింది, ఎందుకంటే పెరిగిన క్లోరిన్ ఇప్పుడు కార్బాక్సిల్‌గా మారుతోంది. పేపర్ మిల్లు వాళ్లు ముందు కొన్ని బస్తాలు ఒక షిఫ్టులో వాడి చూసి, ఆ తర్వాత లాటుగా తీసుకున్నారు. మెషీన్ ఎక్కువసేపు ఆగిన రోజు కూడా స్ట్రైనర్‌లో జెల్లీ కనిపించలేదన్నారు. పిండి పసుపు కూడా పోయింది.

సరుకు బయటికి పంపే ముందు మిల్లు ఇప్పుడు రెండు పరీక్షలు చేస్తుంది. వేడి మీద కప్పు, రాత్రంతా గ్లాసు. రెండోదానికి పరికరం ఏదీ అక్కర్లేదు, సహనం ఉంటే చాలు. లారీ లోడ్ అయ్యి గేటు దగ్గర నిలబడి ఉన్నా గ్లాసు ఫలితం వచ్చేదాకా పంపకూడదని కెమిస్ట్ పట్టుబడుతుంది. యజమాని ఆమెకు ఆ అధికారం రాతపూర్వకంగా ఇచ్చారు. ఈ కేసులో నాకు అన్నిటికంటే నచ్చిన నిర్ణయం ఇదే.

తీరనివి కూడా ఉన్నాయి. హైపో ఖర్చయ్యాక మిగిలేది ఉప్పు. కడిగిన నీళ్లలో క్లోరైడ్ ఎక్కువ, మామూలు ట్రీట్‌మెంట్‌తో అది పోదు. నీళ్లను ఎదురు దిశలో తిప్పి కడిగి పరిమాణం తగ్గించాం గానీ ఉప్పు తగ్గలేదు. పేపర్ మిల్లు వైపు నుంచి చూస్తే, ఆక్సిడైజ్డ్ స్టార్చ్ పట్టిన కాగితపు ముక్కలను మళ్లీ గుజ్జు చేసినప్పుడు ఆ ఋణావేశపు స్టార్చ్ సన్నటి నారనూ, పూరక పొడినీ విడగొట్టి నీళ్లలోకి పోనిస్తుంది. చాలా పేపర్ మిల్లులు మామూలు స్టార్చ్ కొని తమ దగ్గరే ఎంజైమ్‌తో పలచన చేసుకుంటాయి. అలాంటి మిల్లుకు ఈ సరుకు అమ్మాలని చూడటం వృథా. ఎంజైమ్ కుక్కర్ లేని చిన్న, మధ్యరకం మిల్లులే మీ మార్కెట్ అని యజమానికి ముందే చెప్పాను.

ఇది రాస్తున్న సమయానికి ఆయన ఇదే పిండిని మిఠాయి తయారీదార్లకు అమ్మవచ్చా అని అడుగుతున్నారు. ఆక్సిడైజ్డ్ స్టార్చ్ ఆహారంలో ఐఎన్ఎస్ (ఆహార సంకలితాల అంతర్జాతీయ సంఖ్య) 1404గా వాడుకలో ఉన్నదే. కానీ ఆహార గ్రేడుకు కార్బాక్సిల్ 1.1 శాతం దాటకూడదు, సల్ఫర్ డయాక్సైడ్ మిగులుకూ, భార లోహాలకూ వేరే హద్దులున్నాయి, వాడే హైపో, ఆమ్లం కూడా ఆ స్థాయివే కావాలి, లైసెన్సు వేరు. పేపర్ గ్రేడు నడిచే రియాక్టర్, ఫిల్టర్, డ్రయ్యర్ల నుంచి దించిన బస్తా మీద ఆహార గ్రేడు అని రాయడానికి వీల్లేదని చెప్పాను. వేరే లైనుకు ఎంతవుతుందో ఇప్పుడు లెక్కలు వేస్తున్నారు. ప్రస్తుతానికి ఆ మిల్లు పేపర్ గ్రేడు ఒక్కటే చేస్తోంది.